1947లో డాలర్ ఒక్క రూపాయేనా?

ఆగస్టు 15 వస్తే చాలు, "1947లో ఒక్క రూపాయికే డాలర్ వచ్చేది" అని వాట్సాప్‌లో ఫార్వర్డ్ వచ్చేస్తుంది. మొన్న మా బాబాయే పంపాడు. కానీ అది తప్పండి.

అప్పట్లో మన రూపాయిని కట్టేసింది డాలర్‌కి కాదు, బ్రిటిష్ పౌండ్‌కి. రూపాయంటే 18 పెన్నీలు, పౌండంటే 240 పెన్నీలు. అంటే పౌండ్‌కి 13.33 రూపాయలు. అదే పౌండ్‌కి అమెరికాలో 4.03 డాలర్లు. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి, 13.33ని 4.03తో భాగించండి. ఎంతొచ్చింది? 3.31! అదీ అసలు రేటు.

1949లో పౌండ్ పడితే మనదీ పడింది, డాలర్ 4.76 అయింది. అసలు దెబ్బ 1966 జూన్ 6న. ఇందిరా గాంధీ ప్రభుత్వం డాలర్‌ని 7.50 చేసింది. అమెరికాలో చదివే కొడుక్కి 100 డాలర్లు పంపాలంటే మొన్నటిదాకా 476 రూపాయలు, ఇప్పుడు 750! జీతం మాత్రం అదే.

బాబాయికి ఆ భాగహారం స్క్రీన్‌షాట్ పెట్టాను. బ్లూ టిక్ వచ్చింది, రిప్లై రాలేదు.