జాగిలానికి ఒంటి సత్తువే ముందు

పోలీసు జాగిలాలకు మన హైదరాబాద్ శివార్లలోని మొయినాబాద్ పోలీసు శిక్షణ అకాడమీలో నెలల తరబడి శిక్షణ ఇస్తారు. బాంబుల వాసన పట్టేది ముక్కే అయినా, ఆ ముక్కును గంటలకొద్దీ మోసేవి కాళ్లు, కీళ్లు, గుండె. అందుకే వాటికి రోజూ కసరత్తు తప్పదు.

బర్కత్‌పుర వీధుల్లో పొద్దున్నే కుక్కల్ని తిప్పేవారికీ ఇదే మాట. బంతి విసిరే ముందు పది నిమిషాలు నడిపించండి. ఒళ్లు వేడెక్కకుండా ఉరికి, చటుక్కున మలుపు తిరిగితే మోకాలి లిగమెంటు తెగవచ్చు. పెద్ద జాతి కుక్కపిల్లలను ఎముకలు ముదిరేదాకా, అంటే దాదాపు ఏడాదిన్నర వరకు, ఎత్తుల మీంచి దూకించకండి.

అన్నిటికన్నా నాకు భయం మన ఎండంటేనే. కుక్కకు చెమట పట్టేది పాదాలకే. ఒళ్లు చల్లబడేది ముఖ్యంగా రొప్పడం వల్ల. తారురోడ్డు మీద మీ చెయ్యి కాసేపు ఆనించలేకపోతే, దాని పాదాలూ కాలుతాయి. రొప్పు ఆగక తూలుతుంటే నీడకు చేర్చి, ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూ, గాలి తగలనిచ్చి, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. నారాయణగూడలోనే ప్రభుత్వ పశువైద్యశాల ఉంది. కుంటుతున్న కుక్కనూ అక్కడికి తీసుకెళ్లండి. మనుషుల నొప్పి మాత్రలు మాత్రం వేయకండి.