గల్ఫ్ మెడికల్‌లో "అన్‌ఫిట్" అని వస్తే



దుబాయి, సౌదీ, కువైట్ పోదామని మెడికల్‌కు వెళ్ళిన అబ్బాయికి ఛాతీ ఎక్స్‌రేలో మచ్చ కనిపించి "అన్‌ఫిట్" అంటే, ఆ ఇంటి బాధ మాకు తెలుసు. ఏజెంటుకు కట్టిన పైసలు మిత్తికి తెచ్చినవే. కరీంనగర్ దిక్కు పల్లెల్లో, మన గోదావరిఖని బస్తీల్లో ఇది కొత్త సంగతి కాదు.

కాని ఆ సెంటరు పని మనిషిని ఆ దేశానికి పంపవచ్చా లేదా అని చెప్పడమే, వైద్యం చేయడం కాదు. గల్ఫ్ నియమాల ప్రకారం ఎప్పుడో నయమైన టి.బి. మచ్చ ఉన్నా అన్‌ఫిట్టే. ఇంగ్లండు పద్ధతి వేరు. అనుమానముంటే కళ్ళె పరీక్ష చేస్తారు, టి.బి. తేలితే మందులు పూర్తిచేసి మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. గల్ఫ్ పద్ధతి నాకైతే అన్యాయంగానే తోస్తుంది. ఏమైనా, ఆ కాగితంతో జబ్బు పాతదో, ఇప్పుడున్నదో తేలదు. బాయిలో రాతి దుమ్ము పీల్చిన వారికి దుమ్ము వల్ల కూడా మచ్చలు వస్తాయి, టి.బి. కూడా తొందరగా పట్టుకుంటుంది.

ఒక ఇంటి సంగతి చెబుతాను, ఊరు అడగకండి. కొడుకు అన్‌ఫిట్ అయి వచ్చాడు. తెలిస్తే పరువు పోతుందని తల్లి ఎక్స్‌రే ఫిల్మును బియ్యం డబ్బా వెనుక దాచింది. ఇంకోచోట మెడికల్ చేయిస్తానని ఏజెంటు తిప్పాడు. నాలుగు నెలల తర్వాత మా దగ్గరికి వచ్చింది కొడుకు కాదు, జ్వరంతో చిక్కిపోయిన మూడేళ్ళ మనుమరాలు. పాపకు టి.బి. అని తేలాకే తండ్రి కళ్ళె చూశాము. క్రిములు ఉన్నాయి. ఇద్దరూ ఆరు నెలలు మందులు మింగి బాగయ్యారు. అతను కువైట్ మాత్రం పోలేదు. ఇక్కడే ఆటో నడుపుతున్నాడు.

అందుచేత ఆ ఫిల్ము దాచకుండా పట్టుకురండి. పొద్దున లేవగానే నీళ్ళతో పుక్కిలించి, గట్టిగా దగ్గి లోపలి కళ్ళె తీయాలి, ఉమ్మి పనికిరాదు. సర్కారు దవాఖానాలో పరీక్ష, మందులు ఉచితం. మంచి తిండికని నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుండి 1000 చేశారు. వచ్చేటప్పుడు ఇంట్లోని పిల్లలను కూడా వెంట తీసుకురండి.