కన్యాకుమారి తీరాన కామరాజ్ స్మారకం



భారతభూమి దక్షిణపు కొనన, కన్యాకుమారి సముద్రతీరంలో గాంధీ మండపానికి చేరువగా మరొక మండపం ఉంది. 2000 సంవత్సరంలో దానిని కుమారస్వామి కామరాజ్ స్మృతికి అంకితం చేశారు. ఆయన చితాభస్మాన్ని సాగరంలో కలిపే ముందు ప్రజల సందర్శనార్థం ఉంచిన స్థలమది. చెన్నైలో గిండీ గాంధీ మండపం వద్ద, త్యాగరాయనగర్‌లో ఆయన అద్దెకున్న ఇంట, విరుదునగర్‌లోని స్వగృహంలో కూడ ఆయన స్మారకాలున్నాయి. వీటిలో కన్యాకుమారి మండపానికి ఒక విశేషార్థం ఉంది. దానిని గ్రహించడానికి ఆయన జీవితాన్ని కొంత తెలుసుకోవాలి.

కామరాజ్ 1903 జూలై 15న విరుదునగర్‌లో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయి, చదువు మధ్యలో మాని, మేనమామ బట్టల దుకాణంలో పనికి కుదిరారు. 1930లో వేదారణ్యం ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని అలీపూర్ కారాగారానికి వెళ్లారు. స్వాతంత్ర్య సమరంలో ఆయన చెరసాలలో గడిపిన కాలం మొత్తం ఎనిమిదేళ్లకు పైమాటే.

ఆంధ్రరాష్ట్రం వేరుపడిన మరుసటి ఏడు, 1954 ఏప్రిల్ 13న, ఆయన మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి అయినారు. నాయకత్వానికి తనపై పోటీచేసిన సి. సుబ్రహ్మణ్యాన్ని, ఆయన పేరును ప్రతిపాదించిన ఎం. భక్తవత్సలాన్ని కూడ తన మంత్రివర్గంలో చేర్చుకున్నారు. పిల్లలు సగంపూట బడిలో, సగంపూట ఇంటి వృత్తిలో గడపాలన్న అంతకు ముందరి విద్యాపథకాన్ని ఉపసంహరించారు. ఆకలితో ఉన్న బిడ్డకు అక్షరం తలకెక్కదని గుర్తించి, 1956లో బడిపిల్లలకు మధ్యాహ్న భోజన పథకాన్ని రాష్ట్రవ్యాప్తంగా ప్రారంభించారు. ప్రభుత్వ ధనానికి గ్రామస్థుల విరాళాలు తోడైనాయి.

ఆ కాలం సరిహద్దుల వివాదాల కాలం కూడ. 1956 నవంబరు 1న తిరువాన్కూరు-కొచ్చిన్ నుండి కన్యాకుమారి ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో చేరింది. తమిళులు కోరిన దేవికుళం, పీరుమేడు కేరళకే దక్కాయి. తెలుగువారికి, తమిళులకు నడుమ తిరుత్తణి సమస్యపై ఎంతో ఆవేశం రేగింది. పటాస్కర్ మధ్యవర్తిత్వం ఫలితంగా 1959లో చట్టమై, 1960 ఏప్రిల్ 1 నుండి కొత్త సరిహద్దులు అమలులోకి వచ్చాయి. అటు ఇటు కొందరికి అసంతృప్తి మిగిలినా, రెండు రాష్ట్రాలూ ఆ పరిష్కారానికి కట్టుబడ్డాయి.

1963 అక్టోబరు 2న, పార్టీ సేవకై, ఆయన స్వచ్ఛందంగా ముఖ్యమంత్రి పదవిని వదులుకున్నారు. పిమ్మట అఖిలభారత కాంగ్రెస్ అధ్యక్షులై, 1964లో లాల్‌బహదూర్ శాస్త్రి, 1966లో ఇందిరాగాంధీ ప్రధానులు కావడంలో ముఖ్యపాత్ర వహించారు. అయితే 1967 ఎన్నికలలో స్వస్థలమైన విరుదునగర్ ఆయనను ఓడించింది. గెలిచినవాడు 1965 నాటి భాషోద్యమంలో పాల్గొన్న ఒక యువ విద్యార్థి నాయకుడు. ఊరూరా బడులు తెరిపించిన నాయకుణ్ణి చదువుకున్న తరమే ఎదిరించింది. ఆ తీర్పును ఆయన శిరసావహించారు.

1969లో నాగర్‌కోయిల్ ఉపఎన్నికలో ఆయన లోక్‌సభకు ఎన్నికైనారు. అది కన్యాకుమారి జిల్లాలోని పట్టణం. పన్నెండేళ్ల క్రితమే తమిళనాట కలిసిన నేల. సొంత ఊరు కాదన్న వృద్ధ నాయకుణ్ణి ఆ కొత్త నేల ఆదరించింది. అక్కడి మండపానికి గల విశేషార్థం ఇదే.

1975 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడే, ఆయన కన్నుమూశారు. 1976లో భారతరత్న ఆయనను వరించింది. 2006 నుండి తమిళనాడు ఆయన జన్మదినాన్ని విద్యాభివృద్ధి దినంగా పాటిస్తున్నది. మధ్యాహ్న భోజనానికి 1995లో జాతీయ పథకం ఏర్పడింది. బడిలోనే వండిన భోజనం పెట్టాలని 2001లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2003లో అది నాటి ఆంధ్రప్రదేశ్ బడులకూ వచ్చింది.

విగ్రహానికి పూలమాల వేయడం సులభం. బడిలో వడ్డించే అన్నం శుభ్రంగా ఉందా, పిల్లలందరూ ఒకే పంక్తిలో కూర్చుంటున్నారా, పేదరికం వల్ల ఎవరైనా బడి మానేశారా అని విచారించడం కష్టం. మీ ఊరి బడిలో ఈ మూడింటినీ కనిపెట్టి ఉండగలిగితే, కామరాజ్ స్మారకాన్ని చూడడానికి కన్యాకుమారి దాకా వెళ్లలేనివారు కూడ ఆయనకు నివాళి అర్పించినవారే అవుతారు.