పాత ప్రాసెసరు – క్రొత్త ప్రాసెసరు



ఎద్దు మూపురమువలె కనబడు బైలడిల్లా కొండలయందు 1968వ సంవత్సరమున ఇనుప ఖనిజపు గని ప్రారంభమైనది. కిరండూలు నుండి కొత్తవలస వరకు దాదాపు 446 కిలోమీటర్లు సాగు రైలుమార్గము బస్తరును తెలుగునేలతో ముడివేసినది. గనులయందును, రైల్వేయందును, తదితర కార్యాలయములయందును కొలువులు దొరకి అనేక తెలుగు కుటుంబములు కిరండూలు, బచేలి, జగదల్‌పూర్ పట్టణములలో స్థిరపడినవి. నేడు ఆ కుటుంబములలో చాలవాని యిండ్లలో కార్యాలయములలోవలెనే ఒక కంప్యూటరు కలదు. అది పాతదైనదా, మార్చవలెనా అను ప్రశ్నయే నేటి ప్రసంగ విషయము.

ఈ ప్రశ్న ఊరక పుట్టినది కాదు. 2015లో వెలువడిన విండోస్ 10కు మైక్రోసాఫ్టు సంస్థ సాధారణ సహాయమును 2025 అక్టోబరు 14వ తేదీతో ముగించినది. విండోస్ 11 చాలవరకు ఇంటెల్ ఎనిమిదవ తరమునకు, అనగా 2017కు, పూర్వపు ప్రాసెసర్లను అంగీకరింపదు. నిక్షేపముగా పనిచేయుచున్న యంత్రము ఒక్కదినమున పాతసామాను పట్టికలోనికి ఎక్కినది. ఇచ్చట నిర్ణయము రెండు విధముల తప్పవచ్చును. అక్కరలేనిచోట క్రొత్తది కొనినచో జీతములో పెద్దభాగము వ్యర్థమగును. అక్కరయైనచోట కొననిచో భవిష్యనిధి, పింఛను, బ్యాంకు ఖాతాల రహస్య సంకేతములు కాపలాలేని యింటిలో నుంచినట్లగును. కావున పెట్టెపై నున్న అంకెను చూచి గాక, యంత్రముచే చేయించు పనిని చూచి తీర్పు చెప్పుట నేర్చుకొనవలసియున్నది.

పోలికకు రెండు ప్రాసెసర్లను తీసికొందము. మొదటిది 2008 జనవరిలో వచ్చిన ఇంటెల్ కోర్ 2 డ్యువో ఇ8400. రెండవది 2022 జనవరిలో వచ్చిన కోర్ ఐ3-12100. రెంటికిని నడుమ పదునాలుగేండ్ల వ్యవధి కలదు. పాతదాని వేగము 3 గిగాహెర్ట్జులు. క్రొత్తదాని మూలవేగము 3.3 గిగాహెర్ట్జులు, అవసరమైనపుడు 4.3 వరకు పోగలదు. పాతదానియందు రెండు కోరులు, క్రొత్తదానియందు నాలుగు. గరిష్ఠముగా పనిచేయునపుడు పాతదానికి నిర్ణయించిన విద్యుత్తు 65 వాట్లు. క్రొత్తదాని మూలశక్తి 60 వాట్లు, త్వరితవేగమున 89 వాట్ల వరకు వాడుకొనగలదు. ఈ అంకెలను మాత్రమే చూచినవాడు పదునాలుగేండ్లలో జరిగిన అభివృద్ధి యింతేనా యని ఆశ్చర్యపడును. కాని ఒక కోరును ఒక కోరుతో పోల్చినను క్రొత్తది రెండింతలకు పైగా పని చేయును. అన్ని కోరులును కలసి చేయు పనిలో వ్యత్యాసము ఇంకను పెద్దది.

ఈ వైపరీత్యమునకు సమాధానము సంగీతము తెలిసినవారికి సులభముగా బోధపడును. గిగాహెర్ట్జు అనగా సెకనుకు నూరుకోట్ల తాళపు దెబ్బలు. తాళము మార్చకయే గాయకుడు రెండవ కాలమున పాడినపుడు అదే దెబ్బలో రెండింతల అక్షరములు ఇముడును. ప్రాసెసరు విషయమును అంతియే. పాత కోరు ఒక్కొక్క దెబ్బకు నాలుగు ఆజ్ఞల వరకు విడదీసి అర్థము చేసికొనగలదు, క్రొత్తది ఆరింటిని. ముందువెనుకలు సర్దుకొని, ఏది సిద్ధముగా నున్నదో దానిని ముందు చేయుటకై పాతది 96 చిల్లర పనులను కనుచూపులో నుంచుకొనగా, క్రొత్తది 512 నుంచుకొనగలదు. అనుభవజ్ఞుడైన గుమాస్తా ఒక కాగితము సంతకమునకై ఆగియున్నపుడు ప్రక్కనున్న కాగితమును పూర్తిచేయునట్లు, కోరు తన నిరీక్షణకాలమును వ్యర్థము కానీయదు.

తాళపు వేగమే సర్వస్వమను భ్రమ ఆ పరిశ్రమకే ఒకప్పుడు కలిగినది. 2004లో పెంటియం 4 ప్రాసెసరు 3.8 గిగాహెర్ట్జులకు చేరినది. 4 గిగాహెర్ట్జుల నమూనాను తెచ్చు తలంపును ఇంటెల్ సంస్థ అదే సంవత్సరము విరమించుకొనినది. వేగము పెంచినకొలది వేడి పెరిగినదే గాని, ఆ మేరకు పని పెరుగలేదు. 2006 జూలైలో వచ్చిన కోర్ 2 డ్యువో 2.4 గిగాహెర్ట్జులతోనే ఆ పెంటియమును వెనుకకు నెట్టినది. నేడు మనము ముసలిదని పెదవి విరచుచున్న కోర్ 2 డ్యువో వంశము ఒకనాడు చిన్న అంకెతో పెద్ద అంకెను గెలిచినదే.

ఇక కోరుల సంఖ్య. దీనికి మన కిరండూలు మార్గమే ఉదాహరణము. ఒంటిదారిపై ఎదురుబండి వచ్చునపుడు ఒక బండి స్టేషనులో ఆగి దారి ఇయ్యవలెను. రెండవదారి వేసినచో రెండు బండ్లు ఏకకాలమున సాగును. కాని ఒక్క బండి యొక్క వేగము మాత్రము దానివలన పెరుగదు. నాలుగు కోరులున్నంతమాత్రమున ఒక్క లేఖను వ్రాయుట నాలుగింతలు త్వరపడదు. లేఖ వ్రాయుచుండగా వెనుక వైరసు పరీక్ష జరుగుచు, ప్రక్కన బ్రౌజరులో పది పుటలు తెరచియుండి, పిల్లవాని పాఠము దృశ్యరూపమున నడచుచున్నపుడే ఆ నాలుగుదారుల విలువ తెలియును.

ఇంతకన్న ముఖ్యమైన విషయ మొకటి కలదు. ఇంజను ఎంత బలమైనదైనను, వ్యాగనులు నిండకున్నచో బండి కదలదు. బైలడిల్లాయందు ఖనిజము కొండపై నున్నది. కన్వేయరుపై క్రిందికి దిగి, నిలువయందు చేరి, అటుపిమ్మట వ్యాగనులలో పడును. కంప్యూటరులోని హార్డుడిస్కు ఆ కొండ వంటిది. మెమరీ దిగువనున్న నిలువ వంటిది. ప్రాసెసరులోనే యుండు చిన్న కాషె వ్యాగను పైనున్న తొట్టి వంటిది. నిమిషమునకు 7,200 మార్లు తిరుగు హార్డుడిస్కునుండి చెదరియున్న ఒక చిన్న సమాచారమును తెచ్చుటకు సుమారు 12 మిల్లీసెకన్లు పట్టును. మనకది రెప్పపాటుకన్న తక్కువ. 3 గిగాహెర్ట్జుల ప్రాసెసరుకు మాత్రము అది మూడుకోట్ల అరువది లక్షల తాళపు దెబ్బల కాలము! అంతసేపును ఆ పని నిలిచియుండును. చక్రము లేని ఎస్‌ఎస్‌డి అదే సమాచారమును సుమారు మిల్లీసెకనులో పదవవంతు కాలమున అందించును. నిరీక్షణ నూట ఇరువది రెట్లు తగ్గినది.

కంప్యూటరు నిదానించినదను ఫిర్యాదులలో చాలభాగము ఇచ్చటనే పుట్టుచున్నవి. యంత్రము తెరచుకొనుటకు ఐదు నిమిషములు పట్టినచో గృహస్థుడు ప్రాసెసరు పాతబడినదనును. తప్పు కొండదే గాని ఇంజనుది కాదు. ఇ8400 వాడు మదరుబోర్డులకు సామాన్యముగా సాటా తీగ చేరును గనుక చిన్న ఎస్‌ఎస్‌డిని అమర్చి, మెమరీని పెంచినచో వ్రాతపనికిని, లెక్కల పట్టికలకును అది మరల యౌవనము పొందినట్లే యుండును. అటులనే ఫ్యానులో దుమ్ము పేరుకొని వేడి మించినపుడు ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనును. గనుల యెఱ్ఱధూళి యెరిగిన ఊళ్లలో యంత్రమును నిందించుటకు ముందు దాని మూత తీసి దులుపుట మొదటి చికిత్స.

అట్లైన పాతదానితోనే సర్వము సరిపెట్టుకొనవచ్చునా? ఇచ్చటనే జాగ్రత్త కావలెను. నిదానమునకు మందు కలదు. భాష తెలియకపోవుటకు మందు లేదు. ప్రతి ప్రాసెసరుకును పుట్టుకతో కొన్ని ఆజ్ఞలు తెలిసియుండును. ఇ8400కు పాప్‌కౌంట్ అను ఆజ్ఞ తెలియదు. 2024లో వచ్చిన విండోస్ 11, 24హెచ్2 కూర్పు ఆ ఆజ్ఞను కోరుటచే ఈ ప్రాసెసరుపై అసలు ప్రారంభమే కాదు. ఏ ఉపాయమును పనికిరాదు. రహస్య లిపిలో సమాచారమును మార్చు ఏఇఎస్ ఆజ్ఞలును దానికి లేవు. బ్యాంకు పుటలలో జరుగు ఆ పనిని అది చుట్టుదారిన చేయవలసియున్నది. దానికితోడు భద్రతా సవరణలు అందని విండోసు 10పై ఖాతాలు తెరచుట, దొంగలకు తెలిసిన తలుపునకు గడియ వేయకుండుట వంటిది.

కొనువారికి మరియొక హెచ్చరిక. ఐ3 కన్న ఐ5, ఐ5 కన్న ఐ7 గొప్పవను మాట ఒకే తరములో చాలవరకు నిజము. తరములు మారినపుడు కాదు. పాతయంత్రములను బాగుచేసి యమ్ము అంగళ్లలో ఐ5 అని పెద్ద అక్షరములతో వ్రాసియుండును. అది 2011 నాటి ఐ5-2400 కావచ్చును. గీత తరువాత నాలుగంకెలుండి మొదటిది 2 గనుక అది రెండవ తరమునకు చెందినది. ఐ3-12100లో ఐదంకెలుండి మొదటి రెండు 12 గనుక పన్నెండవ తరము. రెంటియందును నాలుగేసి కోరులే యున్నను, ఈ చిన్న ఐ3 ఆ పెద్ద ఐ5ను అన్నివిధముల మించును. కావున కొనునపుడు ఇంటిపేరు గాక ఈ తరపు సంఖ్యను అడుగవలెను. అది ఎనిమిదికి తక్కువైనచో, ధర యెంత చౌకయైనను, విండోస్ 11 వాడదలచినవారు వెనుకకు తిరుగుట మేలు.

ఇప్పుడు తీర్పు సులభము. అంతర్జాలముతో సంబంధము లేని వ్రాతకు, సంఘపు లెక్కలకు, పాత పత్రములను భద్రపరచుటకు ఎస్‌ఎస్‌డి కూర్చిన పాత యంత్రము చాలును. పిల్లలు టైపు నేర్చుటకు, ప్రోగ్రాము వ్రాయుట అభ్యసించుటకు అదే యంత్రముపై లైనక్సు నడుపవచ్చును. సి-డాక్ సంస్థ 2007 నుండి వెలువరించుచున్న బాస్ లైనక్సునందు తెలుగునకును స్థానము కలదు. తెలుగు లిపి యూనికోడు మొదటి కూర్పునందే, 1991లో, చేరినది గనుక తెలుగులో వ్రాయుటకు క్రొత్త ప్రాసెసరే కావలెనను నియమమేమియు లేదు. ధనముతోను, ప్రభుత్వ దస్త్రములతోను, పింఛనుతోను సంబంధించిన పనికి మాత్రము భద్రతా సవరణలు అందుచున్న యంత్రమును, వ్యవస్థను వాడవలెను. ఇచ్చట లోభము పనికిరాదు. పై మూడింటికిని పనికిరాని యంత్రమును పాత యినుపసామాను వానికి అమ్మరాదు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న ఎలక్ట్రానికు వ్యర్థముల నియమముల ప్రకారము, నమోదైన పునర్వినియోగ సంస్థకు అది చేరవలెను. అందలి సీసము మట్టిలోనికి, నీటిలోనికి దిగిన పిమ్మట దానిని వెనుకకు తీయుట ఎవరి తరము కాదు.

బైలడిల్లా కొండలలో ఖనిజపు శ్రేష్ఠతను రంగు చూచి నిర్ణయింపరు, పరీక్షించి నిర్ణయింతురు. కంప్యూటరునకును ఆ న్యాయమే వర్తించును. ఏ పనికై, ఎవరి చేతికి, ఎన్నాళ్లకు అను మూడు ప్రశ్నలు వేసికొని, పాతది ఆ పనిని నిరపాయముగా చేయుచున్నంతకాలము దానిని గౌరవించుటయు, చేయలేని దినమున సంకోచింపక సెలవిచ్చుటయు వివేకవంతుల లక్షణము. సభ్యులందరు ఇంటికి పోయిన పిమ్మట తమ యంత్రముపై నున్న ఆ చిన్న సంఖ్యను ఒకమారు చదివి చూతురుగాక.