ఉపవాసము – ఉదరములోని అతిథులు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



కొన్నేండ్ల క్రిందట ఒక కార్తీక సోమవారమునాడు మా విభాగములోని పెద్దవారొకరు మధ్యాహ్నవేళ కుర్చీలోనే సోలిపోయిరి. ఉదయము మధుమేహపు మాత్ర వేసికొనిరి. నక్షత్రదర్శనమగువరకు అన్నము ముట్టరాదని ఊరకుండిరి. స్పృహ పూర్తిగా తప్పలేదు గనుక చక్కెర నీరు త్రాగించితిమి; తేరుకొనిరి. నేను వైద్యుడను కాను. కాని ఉపవాసవేళ దేహములో ఏమి జరుగునో తెలిసికొనవలెనను కోరిక నాకు ఆనాడే కలిగినది. తెలిసికొన్నదానిలో కొంత మనవి చేసెదను.

మానవదేహములో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉండునని 2016లో శాస్త్రజ్ఞులు అంచనా కట్టిరి. వానిలో అత్యధికభాగము పెద్దప్రేగులోనే నివసించును. మనకు జీర్ణము కాని పీచుపదార్థము వానికి ఆహారము. దానిని పులియబెట్టి అవి తయారుచేయు బ్యూటిరేటు అను పదార్థము ప్రేగు లోపొరకు శక్తినిచ్చును. మనము భుజించిననే ఈ అతిథులకు భోజనము; మనము మానినచో వారికిని పస్తే.

అయితే అందరును పస్తుండరు. అక్కర్‌మాన్సియా అను బాక్టీరియా ప్రేగుగోడపైని జిగురుపొరను తిని బ్రతుకగలదు. రంజాను ఉపవాసములున్నవారిపై జరిగిన కొన్ని చిన్న పరిశోధనలలో ఇది వృద్ధి పొందినట్లు కనబడినది. అదియుగాక, కడుపు ఖాళీగా నున్నప్పుడు గంటన్నర, రెండు గంటల కొకమారు ఒక కదలిక అలవలె చిన్నప్రేగు కడవరకు సాగి, మిగిలిన తుక్కును ఊడ్చివేయును. ఎడతెగక చిరుతిండి తినువారి యింట ఈ ఊడ్పు సరిగా సాగదు. లంఖణము పరమౌషధమన్న మన పెద్దల మాటలో కొంత నిజము లేకపోలేదు.

కాని ఒక్క విషయము మరువరాదు. ఈ మార్పులు నిలుచునవి కావు. జర్మనీలో రక్తపుపోటు, స్థూలకాయము గలవారిచేత ఐదు దినములు ఉపవాసము చేయించి, పిదప మూడు మాసములు కూరగాయలు, పండ్లు, ముడిధాన్యములతో కూడిన ఆహారమిచ్చిరి. 2021లో ప్రకటించిన ఆ ఫలితములను బట్టి, ఉపవాసములో మారిన బాక్టీరియా ఆ మూడు మాసములు గడచునప్పటికి చాలవరకు యథాస్థితికి వచ్చినవి. అయినను, ఉపవాసము లేక ఆ ఆహారము మాత్రమే తీసికొన్నవారికంటె వీరి రక్తపుపోటు, బరువు తగ్గియున్నవి. కావున ఉపవాసము ఎంత ముఖ్యమో, ఆపైన చేయు పారణ అంత ముఖ్యము.

ఇక మన యిండ్లలో జరుగునదేమి? ఏకాదశినాడు అన్నము మానుదుము. ఆ లోటు సగ్గుబియ్యపు వడలతోను, బంగాళాదుంప వేపుళ్లతోను తీర్చుకొందుము. సగ్గుబియ్యములో పిండిపదార్థమే తప్ప పీచు దాదాపు లేదు. అది మన నాలుకకు పండుగయే గాని, ప్రేగులోని అతిథులకు ఏకాదశియే! పలు కుటుంబములలో ద్వాదశి పారణకు అవిసె ఆకు, ఉసిరిక వండు ఆచారము కలదు. రంజానులో ఖర్జూరముతో ఉపవాసము విరమింతురు. మూడింటిలోను పీచు కలదు. పూర్వులు బాక్టీరియాను ఎరుగరు. పారణ యెట్లు చేయవలెనో మాత్రము ఎరుగుదురు.

కడపటి మాట. ఇన్సులిన్ గాని, రక్తములోని చక్కెరను తగ్గించు మాత్రలు గాని వాడువారు వైద్యుని అడుగక ఉపవాసమునకు పూనుకొనరాదు. గర్భిణులు, బాలింతలు, పిల్లలు, దుర్బలులైన వృద్ధులు అసలే పూనుకొనరాదు. ధర్మము దీనికి అడ్డుచెప్పదు. నీరు, పాలు, ఫలములు, ఔషధము వ్రతమును భంగపరుపవని మన శాస్త్రకారులే చెప్పిరి. ఇస్లాము సైతము రోగికి, బాటసారికి మినహాయింపు నిచ్చినది.

నేను మొదట చెప్పిన ఆ పెద్దవారు ఇప్పుడును కార్తీక సోమవారములు పాటించుచున్నారు. వైద్యుడు మాత్రల వేళను మార్చెను; మధ్యాహ్నము పాలు, ఒక పండు పుచ్చుకొనుచున్నారు. వారి భక్తికి లోపము రాలేదు. ఇంటివారి భయము మాత్రము తీరినది. మీ యిండ్లలోని పెద్దలతోను ఈ మాట ముచ్చటింపుడని కోరుచు, సెలవు తీసికొనుచున్నాను.