పిల్లల మనసూ మన బాధ్యతే



ఫీల్డ్ పోస్టింగ్ రాగానే జవాను రైలెక్కుతాడు. ఇంటి బరువు భార్యాపిల్లల మీద పడుతుంది. రెండు మూడేళ్ళకోసారి పిల్లలకు బడి మారుతుంది, స్నేహితులు మారతారు, ఒక్కోసారి భాషే మారిపోతుంది. పిల్లవాడు సరిగా తినడు, నిద్రపోడు, బడికి పోనంటాడు. మొండితనమని రెండు తగిలిస్తాం. వారాల తరబడి అలాగే ఉంటే అది మొండితనం కాదండీ, లోపలి బాధ.

జ్వరమొస్తే సిక్ రిపోర్ట్ చేస్తాం, సిగ్గుపడం. మనసు బాగోకపోయినా అంతే. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ ప్రారంభించింది. 14416కు రాత్రైనా పగలైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. డబ్బు కట్టక్కరలేదు. అవసరమైతే డాక్టరు దగ్గరికి ఎలా వెళ్ళాలో వారే చెబుతారు.

అయితే ఆ తల్లికి ఈ సంగతి చెప్పేదెవరు? పక్క క్వార్టర్ వాళ్ళు, రిటైరై ఊళ్ళో ఉన్న మనలాంటి వాళ్ళు. తండ్రి దూరాన ఉన్న ఇంటికి వారానికోసారి భార్యాభర్తలిద్దరూ వెళ్ళండి. పిల్లలతో కాసేపు ఆడండి. తల్లి చెప్పేది వినండి. విన్నది గడప దాటనివ్వకండి.

బార్డర్‌లో ఉన్న మన తమ్ముడికి అంతకంటే ధైర్యం ఏముంటుంది?

సెలవు. జై హింద్.