బదనిక పువ్వు, ఒక ఉత్తరం
(సంఘం ఉగాది సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సర్వీసులో అనుభవం ఒకటి చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. యుద్ధం కథలు చెప్పగలిగిన వాళ్లు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. నేను ఒక పువ్వు సంగతి చెబుతాను. అందులో నా తప్పు కూడా ఒకటుంది.

1982లో మా యూనిట్ డార్జిలింగ్ కొండల్లో ఉండేది. అక్కడ చెట్ల కొమ్మల మీద, నాచులో వేళ్లు పెట్టుకొని ఆర్కిడ్లు పెరుగుతాయి. చెట్టు మీద మొలిచే ఇలాంటి మొక్కను మనం బదనిక అంటాం. బదనికల్లో కొన్ని చెట్టు రసం పీల్చి బతుకుతాయి. ఆర్కిడ్ అలా కాదండి. కొమ్మను ఆసరాగా పట్టుకుంటుందే గాని చెట్టు సొమ్ము తినదు. వాన నీరు, గాలిలో తేమ, కుళ్లిన ఆకుల సారం, అదే దాని రేషన్.

ఆ మార్చిలో తెల్లగా గుత్తులుగా పూసిన ఆర్కిడ్ ఒకటి చూశాను. నడిమి రేకు మీద పసుపు గీతలు. పేరు సీలోజినీ క్రిస్టేటా అని తర్వాత తెలిసింది. అప్పటికే లీవు శాంక్షన్ అయి ఉంది. మా ఆవిడకు చూపిద్దామని కొమ్మ మీద నుంచి పెరికి, తడి గోనెపట్టాలో చుట్టి, కడియం దగ్గరున్న మా ఊరికి రైల్లో తీసుకెళ్లాను. ఆమె దాన్ని మామిడిచెట్టుకు కట్టి రెండు పూటలా నీళ్లు చల్లింది. నేను డ్యూటీకి తిరిగి వచ్చేశాను. మే నెలాఖరుకి ఉత్తరం వచ్చింది. "మీరు తెచ్చిన మొక్క నా చేతిలో నిలవలేదు, కోప్పడకండి" అని రాసింది. కొండమీది చల్లదనంలో పెరిగేదాన్ని గోదావరి ఎండలో పెట్టింది నేను. ఆ మాట ఒప్పుకోడానికి మనసు రాలేదు. పరవాలేదులే అని రాసి ఊరుకున్నాను.

మరుసటి మార్చిలో ఒక ఆదివారం డార్జిలింగ్ లాయిడ్ బొటానికల్ గార్డెన్‌కి వెళ్లాను. విలియం లాయిడ్ ఇచ్చిన 40 ఎకరాల్లో, కలకత్తా దగ్గరి శిబ్‌పూర్ తోటకు శాఖగా 1878లో దాన్ని పెట్టారు. 1787లో ఆ శిబ్‌పూర్ తోటకు పునాది వేసిన కర్నల్ రాబర్ట్ కిడ్ మనలాగే సైన్యంలో మనిషి. 1793లో దాని బాధ్యత తీసుకున్న డాక్టర్ విలియం రాక్స్‌బర్గ్ మన సామర్లకోటలో ఏళ్ల తరబడి మొక్కలు పెంచినవాడు. కెమెరాలు లేని ఆ రోజుల్లో ఆయన భారతీయ చిత్రకారుల చేత రెండు వేలకు పైగా మొక్కల బొమ్మలు వేయించాడు.

ఆ తోట కన్సర్వేటరీలో, అంటే అద్దాల ఇంట్లో, మళ్లీ అదే తెల్లపువ్వు కనపడింది. బయట చలి, లోపల వెచ్చదనం. కెమెరా తీయగానే లెన్సుకి ఆవిరి పట్టింది. తుడిచినకొద్దీ మళ్లీ పడుతోంది. అక్కడి మాలీ నవ్వి, "కాసేపు అలా ఉంచండి సాబ్, అదే పోతుంది" అన్నాడు. పావుగంట కూర్చున్నాం. ఆ పావుగంటలో నా మొక్క కథ చెప్పాను. ఆయన తిట్టలేదు. "అయితే మీ మేంసాబ్ తప్పేం లేదు. ఆ మాట ఆమెకు చెప్పారా?" అని మాత్రం అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

రీల్లో ఆరు ఫ్రేములే మిగిలాయి. ఫ్లాష్ వేస్తే తెల్లరేకుల మీది సన్నని గీతలన్నీ చెరిగిపోతాయి. అందుకని సూర్యుడి మీదికి మబ్బు వచ్చేదాకా ఆగాను. అద్దాల గుండా వచ్చే ఆ మెత్తని వెలుగే పువ్వుకి సరిపోతుంది. తెలుపును చూసి మీటరు మోసపోతుంది, అది చెప్పినట్టు తీస్తే పువ్వు బూడిద రంగులో వస్తుంది. అందుకే ఒక స్టాపు ఎక్కువ ఇచ్చాను. వెనకాల కుండీలు కనపడకుండా మాలీ తన నల్ల కంబళి పట్టుకు నిలబడ్డాడు. ట్రైపాడ్ మీద, ఊపిరి బిగబట్టి, ఆరూ తీశాను. చివరిది పేరు పలకతో సహా తీశాను. సిలిగురిలో కడిగిస్తే రెండు బాగా వచ్చాయి.

మంచిదాన్ని ఇంటికి పంపుతూ, "మొక్క నీవల్ల పోలేదు, నావల్ల పోయింది" అని రాశాను. జవాబు పది రోజులకు వచ్చింది. ఏడాదిగా ఆ మామిడిచెట్టు వైపు చూడటం మానేశానని రాసింది. ఆ ఫోటో ఇప్పటికీ మా దేవుడి గది పక్క గోడ మీదే ఉంది.

ఇది నా ఒక్కడి తప్పు కాదు. 1850లో జోసెఫ్ హుకర్ అంతటి శాస్త్రవేత్త ఖాసీ కొండల్లో నీలి వాండా మొక్కల్ని ఏడుగురు మనుషులు మోసేటన్ని కూర్చి లండన్ దగ్గరి క్యూ తోటకు పంపాడు. దారిలోనే చాలావరకు పోయాయి, కొద్ది మాత్రమే ప్రాణాలతో చేరాయి. ఈరోజు నీలి వాండా, ఎర్ర వాండా, లేడీస్ స్లిప్పర్ జాతి ఆర్కిడ్లకు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. అడవిలో వాటిని పెరకడం నేరం.

ఈశాన్య రాష్ట్రాలకు పోస్టింగు వెళ్లే కుర్రాళ్లకు నా మనవి. ఇప్పుడు మీ జేబులో ఫోనుంది, రీలు ఖర్చు లేదు. పువ్వును దాని కొమ్మ మీదే ఉంచి ఫోటో తీయండి. ఇంట్లో పెంచాలనుకుంటే మన వాతావరణానికి తట్టుకొనే మొక్కను నర్సరీలో కొనండి. ఇంటికి మాత్రం నిజం రాయండి, ఆలస్యం చేయకుండా. నేను పది నెలలు ఆలస్యం చేశాను.

జైహింద్.